పలక నుంచి తెర దాకా: నెల్లూరు తీరంలో గడులు గీసేదెవరు?

1943లో గిండీ ఇంజనీరింగ్ కళాశాల నుంచి అయ్యలసోమయాజుల లలిత ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్నారు. మన దేశంలో ఇంజనీర్లయిన మొట్టమొదటి స్త్రీలలో ఆమె ఒకరు. మద్రాసులో స్థిరపడిన తెలుగు కుటుంబం. పదిహేనో ఏట పెళ్ళి, పద్దెనిమిదో ఏట వైధవ్యం, చేతిలో నెలల పిల్ల. తండ్రి పప్పు సుబ్బారావు అదే కళాశాలలో ఆచార్యుడు కాబట్టి ఆ తలుపు తెరుచుకుంది. తలుపైతే తెరుచుకుంది గాని, పట్టా కాగితం మాత్రం ఆమె కోసం తయారై లేదు. ఇంగ్లీషులో 'అతడు' అని ముందే అచ్చయి ఉంది. ఆ మాట కొట్టేసి 'ఆమె' అని రాసి ఇవ్వాల్సి వచ్చింది.

స్త్రీల విద్యాచరిత్ర రాసేవాళ్ళు ఈ కొట్టివేతను ఒక విజయచిహ్నంగా చెప్తుంటారు. విజయమే, కాదనను. కాని నా దృష్టి ఎప్పుడూ ఆ అచ్చు కాగితం మీదే ఆగిపోతుంది. కాగితం తయారుచేసినవాళ్ళకు ఎవరిమీదా ద్వేషం ఉండి ఉండదు. ఆ చోట ఒక స్త్రీ నిలబడుతుందన్న ఊహ వాళ్ళకు రాలేదు, అంతే. ఊహలో లేనివాళ్ళకు కాగితం మీద గడి ఉండదు.

యాప్ అంటే ఏమిటని అడిగితే తెలుగు పాఠాలు చెప్పుకునే నేను సాంకేతిక నిర్వచనం ఇవ్వలేను. గడుల కట్ట అంటాను. పేరుకో గడి, ఊరికో గడి, భర్త లేదా తండ్రి పేరుకో గడి. కొన్ని గడుల పక్కన చిన్న ఎర్ర చుక్క ఉంటుంది. అది నింపకపోతే ముందుకు కదలనివ్వదు. ఈ గడులు గీయడం ఇప్పుడు మన విశ్వవిద్యాలయాల్లో ఒక పాఠ్యాంశం. నెల్లూరు జిల్లాలో పొలం కూలీల కూతుళ్ళూ, చేపలమ్ముకునేవాళ్ళ కూతుళ్ళూ, అంగన్‌వాడీ టీచర్ల కూతుళ్ళూ ఆ పాఠం చదువుతున్నారు. ఇది చిన్న మార్పు కాదు. అయితే గీయడం నేర్చుకున్నవాళ్ళకు ఏ గడి ఉండాలో నిర్ణయించే హక్కు కూడా వచ్చిందా? ఈ ప్రశ్నకు జవాబు సాంకేతిక విద్య చరిత్రలో వెతికితే దొరకదు. ఈ తీరంలో స్త్రీలు అక్షరంతో ఏం చేశారన్న చరిత్రలో వెతకాలి.

ఆ చరిత్రకు మొదటి పేజీలో పొణకా కనకమ్మ ఉంటారు. బడికి వెళ్ళి చదువుకోని మనిషి. 1921లో గాంధీ ప్రారంభించిన పల్లిపాడు పినాకినీ సత్యాగ్రహాశ్రమం వెనక ఆమె ఉంది. 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టింది. 'కనకపుష్యరాగం' పేరుతో వచ్చిన ఆమె ఆత్మకథ చదివినవాళ్ళకు తెలుసు, ఆమెకు బడి అంటే పుస్తకాలు వల్లించే చోటు కాదు. ఆ తరం బడులకు ఉండే పరిమితులు దానికీ ఉన్నాయి. ఎవరి కూతుళ్ళు వచ్చారు, ఎవరి కూతుళ్ళు రాలేదు అన్నది అడగాల్సిందే. కాని బడిలో ఏం నేర్పాలో ఒక స్త్రీ నిర్ణయించిందన్న సంగతి మిగులుతుంది.

రెండో పేజీ 1991. ఇక్కడ కాసేపు ఆగాలి.

జాతీయ అక్షరాస్యతా మిషన్ 1988లో మొదలైంది. 1990లో కేరళలోని ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించిందని ప్రకటించారు. 1991 జనవరిలో నెల్లూరు జిల్లాలో ఆ ఉద్యమం మొదలైంది. జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు కళాజాతాలతో ఊరూరా తిరిగారు. పగలంతా పనిచేసి వచ్చిన ఆడవాళ్ళు రాత్రిపూట లాంతరు వెలుగులో పలకలు పట్టుకున్నారు. వాళ్ళ చేతికిచ్చిన వాచకంలో 'అ అంటే అమ్మ' తరహా పాఠాలు లేవు. కూలి ఉంది, నీళ్ళున్నాయి, సారా ఉంది. 'సీతమ్మ కథ', 'ఆడవాళ్ళు ఏకమైతే' అన్న పాఠాల్లో ఒక ఊరి ఆడవాళ్ళు కలిసి సారా దుకాణం మూయిస్తారు.

కలిగిరి మండలంలోని దూబగుంట ఆడవాళ్ళు ఆ పాఠం విన్నారు. దూబగుంట మెట్ట ప్రాంతం, అక్కడికి సముద్రపు గాలి తగలదు. కాని ఆ ఊళ్ళో మొదలైంది జిల్లా అంతా పాకింది. పాఠంలోని ఊరివాళ్ళు చేయగలిగింది మనమెందుకు చేయలేమన్నారు. చేశారు. తర్వాతి కథ మనకు తెలుసు. ఆ నాయకత్వంలోంచి వచ్చిన రోశమ్మ పేరు ఊరి పేరుతో కలిసి దూబగుంట రోశమ్మ అయింది. ఆమె 2016లో కన్నుమూసింది.

అప్పటి సారా ఒట్టి వ్యసనం కాదు, ప్రభుత్వ ఖజానాకు ఆదాయం. 1983లో వచ్చిన 'వారుణి వాహిని' పథకంతో అది ప్యాకెట్లలో ఇంటి గుమ్మం దాకా నడిచొచ్చింది. అలాంటి సారాను 1992లో ఈ జిల్లా స్త్రీలు వేలం పాటల దగ్గరే అడ్డుకున్నారు. పాటలు పదే పదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15న జిల్లాలో, అదే ఏడాది అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. ప్రభుత్వాలు ఇచ్చిందాన్ని ప్రభుత్వాలే తీసుకోవడం మనకు కొత్త కాదు. 1993 జనవరిలోనే అన్వేషి పరిశోధకులు ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఈ ఉద్యమం గురించి రాస్తూ, రాజకీయమన్న మాటకే ఈ స్త్రీలు కొత్త అర్థం ఇస్తున్నారన్నారు. అది స్త్రీవాద పరిశోధనలో ముఖ్యమైన వ్యాసం.

నాకు ఇక్కడ ముఖ్యమైంది వాచకం. దాన్ని తయారుచేసినవాళ్ళు నేర్చుకునేవాళ్ళ జీవితంలో ఏది మండుతోందో చూశారు. నేర్చుకునేవాళ్ళు పాఠాన్ని పాఠంగా వదిలేయక దాన్ని మించిపోయారు. ప్రభుత్వం అక్షరాలు నేర్పితే చాలనుకుంది. సంతకం పెట్టడం వస్తుంది, లెక్కలో చేరతారు అనుకుంది. కాని పలక పట్టినవాళ్ళు ఆ అక్షరంతో ప్రభుత్వాన్నే ప్రశ్న అడిగారు. విద్య గురించి మనం రాసే పెద్ద పెద్ద మాటలన్నీ ఈ ఒక్క సంఘటన ముందు వెలవెలబోతాయి.

సారా పోయిన ఇళ్ళలో మిగిలిన రూపాయిని ఏం చేయాలన్న ఆలోచనలోంచి పొదుపు లక్ష్మి సంఘాలు వచ్చాయి. రోజుకో రూపాయి. ఈ జిల్లాలో మొదలైన ఈ పొదుపు తర్వాత డ్వాక్రాతో కలిసి, 2000లో మొదలైన వెలుగు పథకంతో రాష్ట్రమంతా అల్లుకుంది. సంఘానికో పుస్తకం. దానిలో గీతలు, గడులు. మొదట్లో సంఘం సభ్యులే కూర్చుని పంచాయితీ పెట్టుకుని రాసుకున్న పుస్తకాలు నేను చూశాను. ఒక సంఘం పుస్తకంలో 'కట్టలేదు' అన్న గడి పక్కన 'ఎందుకు' అని ఇంకో గడి గీసి ఉంది. 'కాన్పు', 'కూలి దొరకలే', 'మొగుడు లాక్కున్నాడు' అని అందులో రాసుకున్నారు. తర్వాత తర్వాత బ్యాంకులకూ అధికారులకూ అనుకూలంగా పుస్తకాలు ఒకే మాదిరిగా అచ్చయ్యాయి. ఆ లెక్కలు కంప్యూటర్‌లోకి, ఫోన్‌లోకి ఎక్కాయి. 'ఎందుకు' అన్న గడి ఆ ప్రయాణంలో ఎక్కడో రాలిపోయింది. బాకీ ఎంత, ఎన్ని రోజులు అన్నవి మాత్రం భద్రంగా చేరాయి.

ఇక చదువు సంగతి. 2008 ఈ తీరానికి చిత్రమైన సంవత్సరం. ఆ ఏడాది నెల్లూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఏర్పడింది. అంతకుముందు ఇక్కడి డిగ్రీ కళాశాలలన్నీ తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం కిందే ఉండేవి. జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం విడిపోయి అనంతపురంలో వేరే విశ్వవిద్యాలయం వచ్చింది, జిల్లా ఇంజనీరింగ్ కళాశాలలు దాని కిందికి వెళ్ళాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం విస్తరించి, అప్పటిదాకా ఇంటర్‌తో ఆగిపోయే ఆడపిల్లలు ఇంజనీరింగ్ మెట్లెక్కడం మొదలుపెట్టారు. జులైలో కృష్ణపట్నం రేవు ప్రారంభమైంది. అదే నెలలో అమెరికాలో యాపిల్ కంపెనీ యాప్ స్టోర్ తెరిచింది. సెప్టెంబర్‌లో గూగుల్ ఆండ్రాయిడ్ మొదటి రూపాన్ని విడుదల చేసింది. వీటికీ వీటికీ అప్పట్లో ఏ సంబంధమూ లేదు. పదేళ్ళు తిరిగేసరికి అన్నీ ఒక ఆడపిల్ల చేతిలో కలిశాయి.

ఆండ్రాయిడ్ మన కళాశాలల్లోకి త్వరగా రావడానికి కారణం జావా. ఆండ్రాయిడ్ యాప్‌లు మొదట్లో రాసింది ఆ భాషలోనే, అది మన సిలబస్‌లో ముందే ఉంది. కొత్తగా చెప్పేవాళ్ళను వెతకనక్కర్లేదు. 2014 చివర ఆండ్రాయిడ్ స్టూడియో స్థిరపడింది. 2017లో గూగుల్ కోట్లిన్ అనే భాషను కూడా అంగీకరించింది, 2019 నుంచి దానికే పెద్దపీట వేసింది. ప్రయోగశాల రికార్డులు ఆ వేగాన్ని అందుకోలేదు. అందుకోవాలంటే కంప్యూటర్లుండాలి. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ అని ఒకటుంటుంది. కంప్యూటర్ తెరమీద కనిపించే ఉత్తుత్తి ఫోన్. అది లేచి నిలబడడానికి యంత్రానికి బోలెడు శక్తి కావాలి. నేను చూసిన ఒక ప్రయోగశాలలో అది లేచేసరికి పీరియడ్ అయిపోయేది. సొంత ల్యాప్‌టాప్ ఉన్న అబ్బాయిలు రాత్రి గదిలో చేసుకునేవాళ్ళు. అమ్మాయిలు నాలుగున్నర బస్సుకు వెళ్ళిపోవాలి, లేదా హాస్టల్ వార్డెన్‌కు ఫోన్ అప్పగించాలి. ఫోన్ కోసం యాప్ తయారుచేయడం నేర్చుకుంటున్న పిల్ల ఫోన్ వార్డెన్ బీరువాలో ఉంటుంది. ఈ వైరుధ్యాన్ని ఏ సిలబస్ కమిటీ చర్చించిందో నాకు గుర్తులేదు.

సాహిత్యం చదువుకున్నవాళ్ళం కాబట్టి ఒక ప్రయోగశాల జాబితాను వాచకంగా చదివి చూద్దాం. లలిత చదివిన గిండీ కళాశాల ఇప్పుడు అన్నా విశ్వవిద్యాలయంలో భాగం. 2013 నిబంధనల కింద ఆ విశ్వవిద్యాలయం మొబైల్ యాప్ ప్రయోగశాలకు ఒక జాబితా ఇచ్చింది. కాస్త అటూ ఇటూగా అలాంటి జాబితాలే మన వైపు కళాశాలల్లోనూ నడిచాయి. అక్షరాల రూపం, రంగు మార్చే యాప్. తెరమీద వస్తువుల అమరిక. కాలిక్యులేటర్. బొమ్మలు గీయడం. డేటాబేస్ వాడే యాప్. ఉన్నచోటు చెప్పే యాప్. మెమరీ కార్డులో రాయడం. సందేశం రాగానే హెచ్చరించే యాప్. చివరగా అలారం గడియారం. క్రమంగా చేతికి పని నేర్పే జాబితా, తప్పు పట్టడానికి లేదు. కాని మొదటి నుంచి చివరి దాకా చదివితే ఇందులో ఒక్క మనిషి కూడా కనిపించదు. ఎవరి కాలిక్యులేటర్? దేన్ని కూడుతుంది? డేటాబేస్‌లో ఎవరి పేర్లుంటాయి? అలారం ఎవరిని లేపుతుంది? పట్టపుపాలెంలో తెల్లవారుజామున మూడింటికి లేచి ఒడ్డుకు వెళ్ళే ఆడమనిషికి అలారం అవసరం ఎన్నడూ రాలేదు. ఉన్నచోటు చెప్పే ప్రయోగం ఉపగ్రహాల మీద నడుస్తుంది. మన సొంత దిక్సూచి ఉపగ్రహాల్లో మొదటిది 2013 జులై 1న లేచింది శ్రీహరికోట నుంచే. 2022 దాకా అది నెల్లూరు జిల్లా. ఆ రాకెట్ల కోసం దీవిని ఖాళీ చేసిన యానాది కుటుంబాల ఊసు ఆ ప్రయోగంలో రాదు, రావాలని ఎవరూ అనుకోలేదు.

1991 వాచకంలో మనుషులున్నారు, ఊరుంది, పోట్లాట ఉంది. 2013 జాబితాలో పని మాత్రమే ఉంది. నేను పోల్చి చూస్తున్నది ఈ రెంటినే.

భాష సంగతి కూడా చెప్పుకోవాలి. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం వల్ల ప్రపంచమంతా ఐఫోన్లు స్తంభించాయి. సందేశంలో ఆ అక్షరం వస్తే చాలు, యాప్ కుప్పకూలేది. ఆ అక్షరం 'జ్ఞా'. జ్ఞానంలో మొదటి అక్షరం! కథలో రాస్తే మరీ కల్పనలా ఉందని సంపాదకులు తిప్పి పంపేవాళ్ళు. కొద్ది రోజుల్లో కంపెనీ సరిదిద్దింది. అది సాంకేతిక లోపమే, నిజమే. అయినా ఎనిమిది కోట్ల మంది మాట్లాడే భాష రాతను ఎవరూ ముందు పరీక్షించి చూడలేదన్నది లోపం కంటే పెద్ద విషయం. లలిత పట్టా కాగితం లాంటిదే ఇదీ.

విద్యార్థినులు కళాశాలలో గడులు గీయడం నేర్చుకుంటున్న కాలంలోనే వాళ్ళ తల్లుల చేతుల్లోకి వేరెవరో గీసిన గడులు వచ్చి పడ్డాయి. అంగన్‌వాడీ కార్యకర్తలకు 2021 మార్చిలో పోషణ్ ట్రాకర్ వచ్చింది. పిల్లల బరువు, ఎత్తు, హాజరు అన్నీ అందులోకి ఎక్కించాలి. ఆ ఏడాదే మహారాష్ట్రలో అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వమిచ్చిన ఫోన్లను మూటకట్టి తిరిగి ఇచ్చేశారు. ఫోన్లు పాడైపోయాయని, యాప్‌లో మరాఠీ లేదని. ఆ ఫోటోలు పత్రికల్లో చూసినప్పుడు నాకు వేలం పాటల దగ్గర కూర్చున్న నెల్లూరు ఆడవాళ్ళే గుర్తొచ్చారు. మన రాష్ట్రంలో 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు అంగన్‌వాడీలు సమ్మె చేశారు. ఎస్మా ప్రయోగించినా కదల్లేదు. వేతనం, గ్రాట్యుటీ ముఖ్యమైన కోర్కెలు, వాటి పక్కనే యాప్‌ల బరువు గురించిన గోడూ వినిపించింది. 2025 జులై నుంచి ఇంటికిచ్చే సరుకులకు ముఖం గుర్తింపు కూడా తప్పనిసరి చేశారు. బాలింత ముఖాన్ని ఫోన్ గుర్తుపట్టకపోతే ఆ మాట చెప్పాల్సింది ఢిల్లీ కాదు, ఎదురుగా నిలబడ్డ కార్యకర్త.

ఉపాధి హామీ పనుల్లోనూ ఇదే జరిగింది. మన రాష్ట్రంలో ఆ పనులకు వచ్చేవాళ్ళలో సగానికి పైగా స్త్రీలు. 2023 జనవరి 1 నుంచి రోజుకు రెండుసార్లు ఫోటోతో హాజరు వేసే యాప్ తప్పనిసరి చేశారు. పొద్దున్నే వచ్చి తన వంతు మట్టి తవ్వేసి ఇంటికెళ్ళి వండుకునే వీలు ఆ రెండో ఫోటో తీసేసింది. గడి గీసినవాళ్ళ ఊహలో పనిమనిషి అంటే ఇంట్లో వంట చేయాల్సిన పని లేనివాడు.

మా పిల్లలు చివరి సంవత్సరం చేసే ప్రాజెక్టుల్లో అమ్మాయిలు ఎక్కువగా ఎంచుకునేది మహిళా భద్రత యాప్. ఆశ్చర్యం లేదు. 2020 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం 'దిశ' యాప్ తెచ్చింది, 2025 మార్చి 8న 'శక్తి' యాప్ వచ్చింది. మీట నొక్కితే పోలీసులకు కబురు వెళ్తుంది. ఎవరి ప్రాణమైనా కాపాడితే మంచిదే. కాని ఈ యాప్‌లన్నిట్లో ప్రమాదం వీధిలో ఉంటుంది, చీకట్లో ఉంటుంది, అపరిచితుడి రూపంలో ఉంటుంది. జాతీయ నేర గణాంకాల్లో స్త్రీల మీద నేరాల్లో ఏటా మొదటి స్థానం భర్త, అత్తింటివారి క్రూరత్వానిది. ఆ ఇంట్లో ఫోన్ ఎవరి జేబులో ఉంటుంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్న స్త్రీలు దాదాపు 49 శాతం. ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడినవాళ్ళు 21 శాతం, మగవాళ్ళలో అది దాదాపు 49. ఆ తర్వాత ఈ అంకెలు పెరిగి ఉంటాయి. అయినా ఎర్ర మీట నొక్కే చేతిలో ఫోన్ ఉంటుందన్న ఊహను ఆ పిల్లలు ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నారు? తమ ఇళ్ళను చూసి కాదు. ముందు వచ్చిన ప్రాజెక్టు రికార్డులను చూసి.

సముద్రం మీద కూడా యాప్‌లున్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రం, ఇన్‌కాయిస్, 1999లో ఏర్పడింది. 2004 డిసెంబర్ 26న సునామీ ఈ తీరాన్నీ ముంచిన తర్వాత, 2007లో అక్కడ హెచ్చరిక కేంద్రం పెట్టారు. చేపలు ఎక్కడ దొరకొచ్చో, అలలు ఎంత ఎత్తు లేస్తాయో ఆ సంస్థ రోజూ చెప్తుంది. స్వామినాథన్ పరిశోధన సంస్థ మత్స్యకారుల కోసం చేసిన యాప్ ఈ సమాచారాన్ని తెలుగులోనూ అందించింది. వీటివల్ల ప్రాణాలు నిలిచాయి, డీజిలు ఆదా అయింది. ఇవి లేకపోతే బాగుండునని ఎవరూ అనరు. కాని సముద్రం మీద యాప్‌కు తెలిసిన మత్స్యకారుడు మగవాడు. అతని పని వల ఒడ్డుకు చేరడంతో ముగుస్తుంది. ఆమె పని అక్కడ మొదలవుతుంది. ఒడ్డున పాటలో గంప కొనాలి, ఐసు కొనాలి, ఆటోకు ఇవ్వాలి, మైపాడు నుంచో కోడూరు నుంచో నెల్లూరు వీధులకు తేవాలి, సగం అరువు పెట్టాలి, మిగిలింది సాయంత్రానికి ఎండబెట్టాలి. కేరళ తీరంలో మొబైల్ ఫోన్ వచ్చాక చేపల ధరలు ఊరికీ ఊరికీ మధ్య ఎలా సర్దుకున్నాయో 2007లో రాబర్ట్ జెన్సన్ రాసిన పరిశోధనను ప్రపంచమంతా చదివింది. అందులోనూ పడవలో ఉన్నవాడి ఫోనే. వీధిలో తిరిగే గంప లెక్కల్లోకి రాలేదు.

ముంబయి ధారావిలో పదేళ్ళ క్రితం కొందరు ఆడపిల్లలు యాప్‌లు చేశారు. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ నడిపే యాప్ ఇన్వెంటర్ అన్న పరికరంతో. దానిలో కోడు రాయనక్కర్లేదు, ముక్కలు అతికించుకుంటూ పోవచ్చు. వాళ్ళు ఏ ఇంజనీరింగ్ కళాశాల మెట్లూ ఎక్కలేదు, బడి వయసు పిల్లలు. వాళ్ళు చేసిన వాటిలో ఒకటి 'పానీ'. వీధి కుళాయి దగ్గర వంతు ఎప్పుడొస్తుందో చెప్పే యాప్. వంతు కోసం నిలబడి బడి పోగొట్టుకునేది వాళ్ళే కాబట్టి ఆ గడి వాళ్ళకు తట్టింది. ఆ యాప్ ఎంతమంది వాడారన్నది నాకు ముఖ్యం కాదు. మన ఇంజనీరింగ్ విద్యార్థినికి వాళ్ళకంటే వందరెట్లు సాంకేతిక విద్య ఉంది. కుళాయి వంతు ఒక ప్రాజెక్టు కావచ్చన్న ధైర్యం మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఆమె అమ్మ పని 'సమస్యా ప్రకటన' అన్న శీర్షిక కింద రాయదగ్గ సమస్య అని చెప్పినవాళ్ళు లేరు.

ఇక్కడ నాకు నేనే అడ్డు చెప్పుకోవాలి. ఆ పిల్లలకు కావలసింది ఉద్యోగం. చెన్నైలోనో హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో నెలకింత జీతం, పెళ్ళి నాలుగేళ్ళు వాయిదా, తమ్ముడి ఫీజు. ఆ దారిలో వాళ్ళు రాసేది ఏ దేశంలోని బ్యాంకు కోసమో, ఏ దుకాణం కోసమో. దాన్ని తక్కువ చేసే అధికారం నాకు లేదు. జీతం వచ్చే గడులు గీసిన చేతికి ఇంట్లో మాట చెల్లుతుంది, అదీ చరిత్రే. దూబగుంట భారాన్నంతా ఇరవయ్యేళ్ళ పిల్ల భుజాన పెట్టి ఉద్యమం చెయ్యమనడం మన తరం చేతకానితనం. నేను అడుగుతున్నది ఆమెను కాదు, ఆమె సిలబస్‌ను.

పోయిన ఏడాది ఒక ప్రాజెక్టు సమీక్షలో భాషా శాఖ తరఫున నన్నూ కూర్చోబెట్టారు. తీరంలోని ఒక పాలెం నుంచి వచ్చే అమ్మాయి చేపల అమ్మకం యాప్ చేసింది. శుభ్రంగా ఉంది. విక్రేత, సరుకు, పరిమాణం, ధర, కొనుగోలుదారు పేరు, ఫోన్ నంబరు. అన్నిటి పక్కనా ఎర్ర చుక్కలు. మీ ఇంట్లో చేపలెవరమ్ముతారని అడిగాను. "అమ్మ, మేడం." మరి అమ్మ దీన్ని వాడుతుందా? ఆ పిల్ల నవ్వింది.

"అమ్మకి ధర తెలీదా మేడం! ఎవరు ఎంత బాకీ అనేదే గుర్తుండదు. ఆ నోటు పుస్తకం నేనే రాస్తా."

ఆ పుస్తకంలో ఏమేం గడులున్నాయని అడిగితే తడుముకోకుండా చెప్పింది. పేర్లుండవట, వాళ్ళమ్మకు కొనేవాళ్ళ పేర్లు తెలియవు. నీలం గేటు. మెట్లకింద టీచరమ్మ. కుక్కున్న ఇల్లు. పక్కన బాకీ. దాని పక్కన 'మాట' అని ఒక వరస, ఎప్పుడిస్తామన్నారో. ఇంకో వరసలో మిగిలిన చేప ఎండబెట్టిందా, ఇంటికి వండిందా. మీ యాప్‌లో నీలం గేటు అని రాస్తే తీసుకుంటుందా అన్నాను. తీసుకోదు మేడం, ఫోన్ నంబరు కూడా ఇవ్వాలి అంది. ఆ ఎర్ర చుక్కలు తీసేయడానికి ఎంత పని?

"ఎంతో లేదు మేడం, రెండు లైన్లు" అని, రికార్డు వెనక అట్ట మీద ఆ నోటు పుస్తకం వరసలు గీసి చూపించడం మొదలుపెట్టింది.